క్రిస్మస్ పండుగ, పక్కవాళ్ల వాటా: నవంబరు నుంచి జనవరి దాకా ఏది ఎప్పుడు చేయాలి

డిసెంబరు 20 దాటిందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అక్కా, ఈసారి పండక్కి ఎవరికైనా ఏదైనా చేద్దామనుకున్నాం. దుప్పట్లు ఎక్కడ దొరుకుతాయి? ఏ హోమ్‌కి వెళ్తే బాగుంటుంది?" అప్పటికి వాళ్లింట్లో అరిసెలకు బియ్యం నానుతుంటాయి, స్టార్ ఇంకా అటక మీదే ఉంటుంది, పిల్లల బట్టలు టైలర్ దగ్గర ఇరుక్కుని ఉంటాయి. ఆ టెన్షన్‌లో ఏదో ఒకటి కొని, ఎవరో ఒకరి చేతిలో పెట్టి వచ్చేస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను.

మాది ఒంగోలు వైపు. బెంగళూరు వచ్చాక రామమూర్తినగర్‌లో స్థిరపడ్డాం. అమ్మ చేసే పండుగకూ ఇక్కడి అపార్ట్‌మెంట్ బతుక్కూ పొంతన కుదరడానికి కొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు మేం పాటించే పద్ధతి మొత్తం రెండు మాటల మీద నడుస్తుంది: పంచే వాటా ముందు తీయాలి, ఇచ్చేముందు అడగాలి. కింద రాసిందంతా ఆ రెండూ చేతల్లో ఎలా పెట్టాలన్నదే.

1. నవంబరు మూడో వారం: డబ్బు పక్కకు తీయండి

పండుగ ఖర్చంతా అయ్యాక మిగిలింది పంచుదాం అనుకుంటే ఏమీ మిగలదు. అందుకే బట్టల షాపుకు వెళ్లకముందే ఇంట్లో అందరూ ఒకసారి కూర్చోండి. ఈ ఏడు పండక్కి మొత్తం ఎంత పెట్టగలమో ఒక అంకె అనుకోండి.

ఉదాహరణకు 20,000 అనుకుందాం. అందులో 6,000 పంచడానికని మొదటే ఒక కవరులో పెట్టేయండి. ఆ కవరును మళ్లీ మూడుగా విడదీయండి:

- తెలిసిన మనుషులకు, అడిగి కొనిచ్చే వస్తువులకు: 3,500
- వండి పెట్టే, లేదా ప్యాక్ చేసి ఇచ్చే తిండికి: 1,000
- జనవరికి: 1,500

మూడోది ఎందుకో చివర్లో చెప్తాను. దాన్ని మాత్రం డిసెంబరులో ముట్టుకోవద్దు.

అంకె చిన్నదైతే సిగ్గుపడాల్సిన పనేం లేదు. 2,000 మాత్రమే పెట్టగలిగినా ఇదే పద్ధతి, మనుషుల సంఖ్య తగ్గించుకోండి, అంతే. ఇరవై మందికి తలా వంద రూపాయల సరుకు ఇవ్వడం కన్నా ఇద్దరికి పనికొచ్చేది చేయడం మేలు.

పిల్లలు ఉంటే వాళ్ల హుండీ కూడా ఈ రోజే తెరిపించండి. ఎంత ఇస్తారో వాళ్లనే చెప్పనివ్వండి. మా చిన్నవాడు ఒకసారి 40 రూపాయలు ఇచ్చి, మర్నాడు పొద్దున 10 వెనక్కి అడిగాడు. ఇచ్చేశాం.

2. నవంబరు నాలుగో వారం: పేర్లు రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు, వచ్చే ఏడాదికి దొరకదు. అందులో "పేదలకు" అని కాకుండా మనుషుల పేర్లు రాయండి. దగ్గరి నుంచి మొదలుపెట్టి దూరానికి వెళ్లండి.

మొదట మీ గడప చుట్టూ ఉన్నవాళ్లు: ఇంట్లో పనిచేసే ఆమె, వాచ్‌మన్, ఇస్త్రీ బండి ఆయన, పొద్దున్నే వీధి ఊడ్చే పౌరకార్మికులు, చెత్త ఆటోతో వచ్చేవాళ్లు. బెంగళూరులో పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. తరాల కింద రాయలసీమ నుంచి వచ్చిన కుటుంబాలు. ఒకసారి తెలుగులో పలకరించి చూడండి.

తర్వాత మీ ఏరియాలో కడుతున్న బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో ఉండేవాళ్లు. వాళ్లు మూడు నాలుగు నెలలకోసారి సైటు మారిపోతారు కాబట్టి వీళ్ల పేర్లు మాత్రం ఇప్పుడు కాకుండా డిసెంబరులోనే రాసుకోవాలి.

మూడో వరుస ఆసుపత్రుల దగ్గరి మనవాళ్లు. నిమ్హాన్స్‌కీ (మెదడు, నరాలు, మానసిక జబ్బుల ఆసుపత్రి), కిద్వాయికీ (క్యాన్సర్ ఆసుపత్రి) అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి ఎందరో వస్తారు. పేషెంటుకు లోపల మంచం దొరుకుతుంది, వెంట వచ్చినవాళ్లకు దొరకదు. వాళ్లకు కన్నడం రాదు, ఏ కౌంటరుకు వెళ్లాలో తెలియదు, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని రోజులకు సరిపోతుందో తెలియదు.

అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు నా లిస్టులో ఆఖరున ఉంటాయి. వాటికి అవసరం లేదని కాదు. పండుగ రోజుల్లో అందరి అడుగులూ అటే పడతాయి. చెత్త ఆటో అక్క దగ్గరికి ఎవరూ వెళ్లరు.

*ఎలా అడగాలి*

చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. "నీకేం కావాలి?" అని నేరుగా అడిగితే ఎవరైనా "ఏం వద్దులేమ్మా" అనే అంటారు. ఒక వస్తువు పేరు చెప్పి, అది కావాలా, ఇంకోటి కావాలా అని అడగండి. పక్కన నలుగురు లేనప్పుడు అడగండి.

మా వీధికి వచ్చే ఆటో అక్కను మూడేళ్ల కింద అడిగాను. "అక్కా, పండక్కి నీకు చీర తీసుకుందామనుకుంటున్నా. చీరే తీసుకోనా, ఇంట్లోకి ఏదైనా వస్తువు కావాలా?"

ఆమె చేతిలోని బుట్ట ఆటోలో కుమ్మరించి, కాసేపు ఆగి అంది: "చీరలు ఎందుకులేమ్మా, కట్టనివే ఐదారు ఉండాయి. కుక్కర్‌కి గ్యాస్కెట్ పోయింది. మూడు నెలలైంది, గిన్నెలోనే వండుతా ఉండా. గ్యాసు ఊరికే అయిపోతా ఉంది."

సైజు అడిగితే తెలియదంది. మర్నాడు కుక్కర్ మూతను గుడ్డసంచిలో చుట్టి, చెత్త ఆటోలోనే పట్టుకొచ్చింది. ఆ మూత తీసుకుని కమ్మనహళ్లిలో పాత్రల షాపుకు వెళ్లాను. గ్యాస్కెట్ రెండు వందల లోపే అయింది. అడగకపోయి ఉంటే ఆమెకు ఏడో చీర ఇచ్చి ఉండేదాన్ని.

నోట్‌బుక్‌లో ఒక్కొక్కరి పేరు పక్కన ఇవి రాయండి:

- ఏం అడిగారు, ఏ సైజు (చెప్పులకు, స్వెటర్లకు నంబరుతో సహా)
- ఇంట్లో ఎంతమంది, చిన్నపిల్లలు ఉన్నారా
- షుగర్ ఉన్నవాళ్లు ఉన్నారా
- ఏ రోజు, ఏ వేళకు దొరుకుతారు

3. డిసెంబరు మొదటి వారం: కొనాల్సినవి కొనండి

*సరుకుల కిట్*

అందరూ మొదట బియ్యం కొంటారు. కర్ణాటక రేషన్ కార్డు ఉన్న పేద ఇళ్లకు అన్నభాగ్య (ప్రభుత్వ ఉచిత రేషన్ పథకం) బియ్యం వస్తాయి. వాళ్లకు బియ్యం కన్నా పప్పు, నూనె మేలు. కార్డు లేని వలస కూలీలకైతే బియ్యం కూడా కావాలి. కాబట్టి రెండు రకాల కిట్లు చేసుకోండి.

కార్డు ఉన్న ఇంటికి:
- కందిపప్పు 2 కిలోలు
- నూనె 2 లీటర్లు
- పంచదార లేదా బెల్లం 1 కిలో
- టీ పొడి 250 గ్రాములు
- కారం, పసుపు, చింతపండు
- ఒంటి సబ్బులు 2, బట్టల సబ్బులు 2

కార్డు లేనివాళ్లకు పప్పు, నూనె ఒక్కోటి చొప్పున తగ్గించి 5 కిలోల బియ్యం కలపండి. మనం తినే బియ్యమే ఇవ్వండి. ఏదైనా సుమారు వెయ్యి రూపాయల చుట్టుపక్కల తేలుతుంది. ఆడపిల్లలున్న ఇంటికి శానిటరీ ప్యాడ్లు కూడా పెట్టండి, పైకి కనబడకుండా కాగితంలో చుట్టి.

*దుప్పట్లు*

డిసెంబరు రాత్రి బెంగళూరులో 15, 16 డిగ్రీలకు దిగుతుంది. రేకుల షెడ్డులో, సిమెంటు నేల మీద ఆ చలి ఇంకా ఎక్కువ. కానీ పండుగ పంపకాల కోసమని అమ్మే పల్చటి దుప్పట్లు కొనొద్దు. రెండు ఉతుకులకు పీచు లేచిపోతుంది. కొనేముందు దుప్పటిని వెలుతురుకు ఎత్తి చూడండి. అవతలి వెలుగు కనబడితే వదిలేయండి.

పదికి మించి కావాలంటే చిక్‌పేట వెళ్లండి. మెట్రో స్టేషనే ఉంది, బండి పార్కింగ్ బాధ ఉండదు. పని రోజున మధ్యాహ్నం లోపు వెళ్తే బేరం ఆడే ఓపిక షాపువాడికీ ఉంటుంది, మనకూ ఉంటుంది. నేల మీద పడుకునేవాళ్లకు దుప్పటితో పాటు చాప కూడా ఇవ్వండి. చలి కింద నుంచే ఎక్కువ కొడుతుంది.

*పాత బట్టలు*

అల్మారా ఖాళీ చేసుకోవడం వేరు, పంచడం వేరు. ఈ నాలుగూ దాటినవే సంచిలోకి వెళ్లాలి:

- ఉతికి, ఇస్త్రీ చేసి ఉన్నాయా
- గుండీలు, జిప్పులు పనిచేస్తున్నాయా
- చంకల దగ్గర, కాలరు దగ్గర మరకలు లేవా
- మన చెల్లెలికి ఇవ్వగలమా

నాలుగో ప్రశ్న దగ్గర నా సంచి ప్రతిసారీ సగమైపోతుంది. లోపలి దుస్తులు, సాక్సులు మాత్రం కొత్తవే ఇవ్వాలి.

*నగదు*

డబ్బిస్తే తాగేస్తారని ఒక మాట మన దగ్గర బాగా చెలామణిలో ఉంది. నాకు నచ్చని మాట. అద్దె బాకీ ఉన్న మనిషికి అరిసెల ప్యాకెట్ ఏం చేస్తుంది? తెలిసిన మనిషి, అవసరం చెప్పిన మనిషి అయితే కవరులో పెట్టి ఇవ్వండి, లెక్క అడగొద్దు.

4. సంస్థకు ఇవ్వాలనుకుంటే: ముందు ఫోన్, తర్వాతే బండి

ఒక ఏడాది 25న మధ్యాహ్నం 60 బిర్యానీ ప్యాకెట్లతో ఒక పిల్లల హోమ్‌కు వెళ్లాం. చెప్పకుండా వెళ్లాం, సర్‌ప్రైజ్ అనుకున్నాం. అప్పటికే ఆ పూట రెండు గుంపులు వచ్చి భోజనాలు పెట్టి వెళ్లాయట. పిల్లలు పొట్టలు పట్టుకుని కూర్చున్నారు. మొహమాటానికి తలో ముద్ద తిన్నారు. సాయంత్రానికి ఆ ప్యాకెట్లు ఎవరికివ్వాలో తెలియక లింగరాజపురం నుంచి శివాజీనగర్ దాకా తిరిగాం. కోడి మాంసం, ఆరేడు గంటలు గడిచాయి. సగం పారేశాం.

తప్పు వాళ్లది కాదు, మాదే. అప్పటి నుంచి ఫోన్‌లో ఇవన్నీ అడిగి రాసుకుంటాను:

- 20 నుంచి 25 మధ్య ఏ పూట ఖాళీగా ఉంది? లేకపోతే జనవరిలో ఎప్పుడు?
- బయట వండిన తిండి తీసుకుంటారా, సరుకులే కావాలా?
- ఎంతమంది, ఏ వయసువాళ్లు?
- ఈ నెల మీకు నిజంగా కొరతగా ఉన్నది ఏది?
- సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా? (పిల్లల హోమ్ అయితే బాల న్యాయ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి)
- రసీదు ఇస్తారా?

పన్ను మినహాయింపు ఆశిస్తుంటే ఆన్‌లైన్‌లోనో చెక్కుతోనో ఇవ్వండి. 2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలా ఇచ్చినా రాదు.

వృద్ధాశ్రమానికి స్వీట్లు మోసుకెళ్లొద్దు. షుగర్ ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, నమలడానికి పళ్లు లేనివాళ్లూ ఉంటారు. మెత్తటి ఇడ్లీలు, బాగా ఉడికిన కిచిడీ, అరటిపళ్లు తీసుకెళ్లండి. వెళ్లినవాళ్లు కనీసం గంట కూర్చోండి. తెలుగువాళ్లు ఉంటే వాళ్లకు వచ్చిన పాత కీర్తన ఒకటి పాడించండి. మనం పాడటం కన్నా అది మంచిది.

5. ఇల్లు: స్టార్, పశువుల పాక, శుభ్రం

ఇది త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే.

స్టార్ డిసెంబరు 1 సాయంత్రం కట్టండి. కట్టేముందు కింద పెట్టి ఒక గంట వెలిగించి చూడండి. పాత వైరు అతికిన చోట టేపు ఊడిపోయి ఉంటుంది. బాల్కనీలో వాన జల్లు పడే చోటైతే ప్లగ్గు లోపలే ఉంచాలి. కాగితం స్టారులో ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత గుండ్రటి బల్బు వేడికి కాగితం మాడుతుంది.

కొత్త స్టార్లు, పశువుల పాకకు బొమ్మలు కావాలంటే శివాజీనగర్‌లో రస్సెల్ మార్కెట్ చుట్టూ, కమర్షియల్ స్ట్రీట్ వైపు తిరిగితే దొరుకుతాయి. పిల్లలు ఉంటే పాక ఇంట్లోనే చేయించండి: అట్టపెట్టె, ఎండుగడ్డి, బంకమట్టి. గడ్డి దగ్గర కొవ్వొత్తి పెట్టొద్దు.

6. పిండివంటలు: మూడు చాలు

అమ్మావాళ్లు ఏడు రకాలు చేసేవాళ్లు. ఇంట్లో నలుగురు ఆడవాళ్లు, చుట్టూ పది చేతులు ఉండేవి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఏడు చేయబోతే పండుగ రోజుకు మంచం ఎక్కుతాం. మూడు చాలు: అరిసెలు, జంతికలు, గులాబీ పువ్వులు. మూడూ నిల్వ ఉంటాయి, ప్యాకెట్‌లో పెట్టి పంచడానికి వీలుగా ఉంటాయి. జంతికలు షుగర్ ఉన్నవాళ్ల ప్యాకెట్లకు. అవి అందరికీ వచ్చు కాబట్టి మిగతా రెండే రాస్తాను.

వరుస ఇలా ఉండాలి: 15న అరిసెలు, 18న గులాబీ పువ్వులు, 20న జంతికలు. అరిసెలు రెండు వారాలైనా బాగుంటాయి కాబట్టి ముందు. జంతికలకు గాలి తగిలితే మెత్తబడతాయి కాబట్టి ఆఖర్న.

*అరిసెలు: ఎక్కడ చెడతాయి*

మొదటి తప్పు బియ్యం దగ్గరే. బెంగళూరు షాపుల్లో ఎక్కువగా ఉండేది స్టీమ్ రైస్. దానితో అరిసెలు రావు. "రా రైస్" అని అడిగి పచ్చి బియ్యం తీసుకోండి.

1. కిలో బియ్యం కడిగి 24 గంటలు నానబెట్టండి. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి, లేకపోతే వాసన వస్తుంది.
2. వడకట్టి, గుడ్డ మీద పావుగంట ఆరనివ్వండి. పిడికిలి బిగిస్తే చేతికి తడి తగలాలి, నీరు కారకూడదు.
3. తడి బియ్యం పట్టే మిల్లు ఉందేమో ముందే కనుక్కోండి, చాలామంది ఒప్పుకోరు. లేకపోతే మిక్సీలో గుప్పెడు గుప్పెడుగా వేసి, సన్నటి జల్లెడ పట్టండి. జల్లించిన పిండిని అదిమి మూతపెట్టండి, ఆరిపోకూడదు.
4. ముప్పావు కిలో బెల్లం చిన్న గ్లాసు నీళ్లలో కరిగించి, వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి.
5. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తూ చూడండి. వేలితో దగ్గరకు లాగితే మెత్తటి ఉండ కావాలి. ఎత్తి వేస్తే టక్కుమని మోగితే దాటిపోయినట్టే.
6. పొయ్యి ఆపి, నెయ్యి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి. ఒక్కరే చేయొద్దు.
7. నూనె రాసిన కవరు మీద తట్టి, మధ్యస్థంగా కాగిన నూనెలో ఒక్కొక్కటే వేసి, పొంగాక తీసి రెండు చెక్కల మధ్య నొక్కండి.

ఎప్పుడూ ముందు ఒక్క అరిసె వేసి చూడాలి. నూనెలో విడిపోతే పాకం లేతగా ఉన్నట్టు, చలిమిడిలో ఇంకో గుప్పెడు తడి పిండి కలపండి. గట్టిగా వస్తే పాకం ముదిరినట్టు, రెండు చెంచాల వేడి పాలు చల్లి మర్దించండి. ఇదీ కుదరకపోతే ఆ చలిమిడినే ఉండలు చేసి ఇంట్లోవాళ్లకు పెట్టేయండి, ఎవరూ వద్దనరు.

*గులాబీ పువ్వులు*

రెండు కప్పుల మైదా, ఒక కప్పు బియ్యప్పిండి, ఒక కప్పు పంచదార పొడి, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు. కొబ్బరిపాలతో దోసెల పిండి కన్నా కాస్త పల్చగా కలుపుకోవాలి. పంచదార ఎక్కువైతే త్వరగా నల్లబడతాయి.

అసలు కిటుకంతా అచ్చులో ఉంది. కొత్త అచ్చయితే ముందు రాత్రి నూనెలో ముంచి ఉంచండి. మర్నాడు కాగుతున్న నూనెలో రెండు మూడు నిమిషాలు పెట్టి, పిండిలో ముక్కాలు వంతు మాత్రమే ముంచండి. అంచు దాటి పైకి పిండి ఎక్కిందా, ఆ పువ్వు ఇక అచ్చును వదలదు. నూనెలో పెట్టాక పది అంకెలు లెక్కపెట్టి మెల్లగా ఊపితే జారిపోతుంది. పిండి అచ్చుకు అంటుకోకపోతే అచ్చు చల్లగా ఉన్నట్టు. ముంచగానే సుయ్యిమని గడ్డకట్టి రాలిపోతే మరీ కాలినట్టు. మొదటి నాలుగూ పాడవుతాయి, లెక్కలోకి తీసుకోవద్దు.

*ప్యాకెట్*

ఒక్కోదాంట్లో అరిసెలు 4, గులాబీ పువ్వులు 6, గుప్పెడు జంతికలు. అరిసెల నూనె మిగతావాటికి అంటకుండా బటర్ పేపర్‌లో విడిగా చుట్టండి. పంచే ప్యాకెట్లు ముందు కట్టాకే ఇంటి డబ్బాలు నింపండి. విరిగినవి, నల్లబడినవి మన డబ్బాలోకి. ఈ నియమం మా అమ్మది.

కేకు సంగతి ఒక్క మాటలో: ఓవెన్ లేకపోతే కొనుక్కోండి, ఈ ఊళ్లో మంచి బేకరీలకు కొదవ లేదు. ఇంట్లో చేసేవాళ్లు మందు లేకుండా డ్రైఫ్రూట్స్ నానబెట్టాలంటే నారింజ రసంలో ఐదు నిమిషాలు సన్న మంట మీద ఉడికించి, చల్లార్చి, ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. రసంలో నానినవి నెలరోజులు బయట పెడితే బూజు పడుతుంది, అన్నాళ్లు నానబెట్టడం రమ్ములో వేసేవాటికే. పంచదార మాడ్చాక నీళ్లు పోసేటప్పుడు పొయ్యి ఆపి, వేడి నీళ్లే, చెయ్యి దూరంగా పెట్టి పోయండి.

7. పంచే రోజులు

20, 21: సరుకుల కిట్లు ఇళ్లకు చేర్చండి. 24 దాకా ఆగితే ఆ పప్పు వాళ్ల పండుగ వంటకు అందదు. వాళ్లు ఏ మతం వాళ్లైనా సరే, కిట్‌లో కరపత్రాలు పెట్టొద్దు, ప్రార్థన చేస్తామని కూర్చోబెట్టొద్దు. వాళ్లే అడిగితే అది వేరే సంగతి.

22, 23: దుప్పట్లు. అర్ధరాత్రి కార్లో తిరుగుతూ నిద్రపోతున్నవాళ్ల మీద కప్పడం సినిమాల్లో బాగుంటుంది. నిద్రలో మీద చెయ్యి పడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. సాయంత్రం ఏడింటికి షెడ్ల దగ్గరికి వెళ్లి, మేస్త్రీతో మాట్లాడి, ఎన్ని కుటుంబాలో ముందే లెక్క తెలుసుకోండి. నలభై ఉంటే నలభై ఐదు పట్టుకెళ్లండి. మీ దగ్గర దుప్పట్లు ముప్పై మాత్రమే ఉంటే ఆ సైటుకు వెళ్లొద్దు, చిన్న సైటు చూసుకోండి. కొందరికి ఇచ్చి కొందరికి లేదంటే మనం వచ్చేశాక అక్కడ గొడవవుతుంది.

24 సాయంత్రం: అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగుకు పళ్లేలు. మాంసం, గుడ్డు తినని ఇళ్లకు గులాబీ పువ్వులు, కేకు పంపొద్దు, రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. మిగతా ఇళ్లకైనా ఆ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పాలి. క్యారల్స్‌కు (ఇంటింటికీ తిరిగి పాడే క్రిస్మస్ పాటలకు) వెళ్లేవాళ్లు అసోసియేషన్‌కు ముందే చెప్పండి. రాత్రి 10 దాటితే లౌడ్ స్పీకర్ నిషేధం, చట్టమే అది. కానుక డబ్బా తిప్పుతుంటే అది దేనికో మొదటి ఇంట్లోనే చెప్పాలి.

25 పొద్దున: చర్చికి వెళ్లేముందు ఫ్లాస్కులో టీ, ఇడ్లీ ప్యాకెట్లు. వీధి ఊడ్చేవాళ్లు ఆ రోజూ వస్తారు. ఏడింటికి వేడి టీ వాళ్లకు ఎంత అవసరమో చూస్తే గానీ తెలియదు.

26: ఆసుపత్రి. గుంపుగా వద్దు, ఇద్దరు చాలు. వార్డులోకి వెళ్లొద్దు, పేషెంటుకు తిండి ఇవ్వొద్దు. బయట ఉన్న తోడువాళ్లతో మాట్లాడండి. వాళ్లకు కావాల్సింది చాలాసార్లు తిండి కాదు: ఫోన్ రీచార్జ్, వేడినీళ్ల ఫ్లాస్కు, ఊరికి బస్సు టికెట్టు, కన్నడంలో ఉన్న కాగితం చదివిపెట్టే మనిషి. ఆరోగ్యం బాగున్నవాళ్లు రక్తం ఇచ్చి రావచ్చు. 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు పైన బరువు ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వచ్చు.

8. ఫోటోలు

తీసుకునే చెయ్యి ఫోటోలో పడకూడదు. మా ఇంట్లో నియమం ఇంతే. పిల్లల హోముల్లో అయితే ఇది మర్యాదే కాదు, చట్టం కూడా. అలాంటి పిల్లల ముఖం, పేరు బయటపెట్టడాన్ని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. జైలు, జరిమానా రెండూ రాసి ఉన్నాయి. స్టేటస్‌లో పెట్టుకోవాలని అంతగా ఉంటే అరిసెల పళ్లెం పెట్టుకోండి.

9. జనవరి: పక్కన పెట్టిన 1,500

పండుగ వారంలో హోముల్లో కేకులు పేరుకుపోతాయి. జనవరి రెండో వారానికి అదే వంటగదిలో నూనె నిండుకుంటుంది. ఇక్కడి బడుల్లో చివరి పరీక్షల హడావిడి మొదలయ్యేదీ అప్పుడే: గైడ్లు, జెరాక్సులు, బస్ పాస్, పెన్నులు. ఆ కవరు ఇప్పుడు తెరవండి. డిసెంబరులో ఫోన్ చేసిన సంస్థకే మళ్లీ చేసి, ఈసారి ఏం కావాలో అడగండి. మీరు మళ్లీ చేసినందుకు వాళ్లు ఆశ్చర్యపోతారు.

అదే రోజు నోట్‌బుక్ ముందేసుకుని ఇవి నింపండి:

- ఎవరికి ఏం ఇచ్చాం, అది పనికొచ్చిందా (వాళ్లనే అడగాలి)
- ఏది ఎక్కువైంది, ఏది చాలలేదు
- ఎవరు ఇల్లు మారారు, ఎవరి సైటు అయిపోయింది
- పాకం ఎన్నోసారికి కుదిరింది

పోయిన జనవరి పేజీలో నా చేతిరాత ఇలా ఉంది: "దుప్పట్లు 3 మిగిలాయి. చాపలు చాలలేదు. గులాబీ అచ్చు పిడి వదులైంది. ఆటో అక్క కుక్కర్‌కి ఈసారి విజిల్ పోయిందట. నవంబరు దాకా ఆగొద్దు, ఈ ఆదివారమే కొనాలి."